హెడీ లమార్: సినిమా తార, పేటెంటుదారు. తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా నవంబరు 9 దగ్గర పడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో తిరగడం మొదలవుతుంది. నడినెత్తిన పాపిడి, భుజాల దాకా నల్లటి జుట్టు, ఎటో చూస్తున్న కళ్ళు. కింద "మీ ఫోన్లో వైఫై ఈవిడ చలవే" అని ఒక వాక్యం. ఆ ఫొటో చూసినవాళ్ళు అడిగే ప్రశ్నలే ఇక్కడ పోగు చేశాను. కొన్నిటికి ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు, కొన్నిటికి కాస్త ఓపిక కావాలి.

ఇంతకీ ఎవరీవిడ?

వియన్నాలో పుట్టి, 1938 నుంచి 1958 దాకా హాలీవుడ్ సినిమాల్లో నటించిన తార. 1942లో అమెరికాలో "రహస్య సమాచార వ్యవస్థ" అనే పేటెంటు ఇద్దరి పేర్ల మీద మంజూరైంది. ఆ ఇద్దరిలో ఒకరు ఈవిడ, రెండో ఆయన సంగీతకారుడు. ఒక హీరోయినూ ఒక పియానో వాయించే ఆయనా కూర్చుని, నీళ్ళలో దూసుకెళ్ళి ఓడల్ని పేల్చే టార్పెడోకి రేడియో పరికరం గీశారని కథ రాసుకుని వెళితే ఏ నిర్మాతా నమ్మడు. అయినా జరిగింది.

వైఫై ఆవిడే కనిపెట్టిందట, నిజమేనా?

కాదు. ఆ మాటకొస్తే జీపీఎస్, బ్లూటూత్ కూడా కాదు. అలాగని "అంతా కట్టుకథ, అందగత్తె కాబట్టి అంటగట్టారు" అనేవాళ్ళ మాటా తప్పే. అసలు సంగతి ఈ రెండింటికీ మధ్య ఉంది. తొందరగా ఉన్నవాళ్ళు కిందకి, టార్పెడో దగ్గరికి దిగిపోండి.

అసలు పేరేమిటి? పుట్టిల్లు ఎలాంటిది?

హెడ్విగ్ ఈవా మరియా కీస్లర్. 1914 నవంబరు 9న పుట్టింది. తండ్రి ఎమిల్ బ్యాంకులో పెద్ద ఉద్యోగి, తల్లి గెర్ట్రూడ్ పియానో విద్వాంసురాలు. ఇద్దరివీ యూదు కుటుంబాలే. ఒక్కతే కూతురు. "హెడీ" ఇంట్లో పిలిచే ముద్దు పేరు. "లమార్" హాలీవుడ్ పెట్టింది, మూకీల కాలంలో చిన్న వయసులోనే చనిపోయిన బార్బరా లమార్ అనే నటి పేరులోంచి తీసుకుని.

యంత్రాల మీద మోజు ఎలా వచ్చింది? ఇంజనీరింగ్ చదివిందా?

చదవలేదు. పదహారు, పదిహేడేళ్ళ నాటికే స్టూడియోల్లో చిన్నాచితకా పనులు చేస్తోంది. బెర్లిన్ వెళ్ళి నాటక దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ దగ్గర నాటకం నేర్చుకుంది. యంత్రాల సంగతంతా తండ్రి వల్ల. వాహ్యాళికి తీసుకెళ్ళి, ట్రాము ఎలా కదులుతుందో, అచ్చు యంత్రం ఎలా తిరుగుతుందో విప్పి చెప్పేవాడు. అయిదేళ్ళప్పుడు పాట వినిపించే పెట్టెను ఊడదీసి మళ్ళీ బిగించిందని ఆమే తర్వాత చెప్పుకుంది. ఊడదీసే పిల్లలు అన్ని ఇళ్ళలోనూ ఉంటారు, మళ్ళీ బిగించేవాళ్ళే తక్కువ.

"ఎక్స్‌టసీ" సినిమా గొడవేమిటి?

1933లో వచ్చిన చెక్ సినిమా. అందులో ఆమె నగ్నంగా ఈదే దృశ్యం, కామోద్రేకాన్ని ముఖంలో చూపే దృశ్యం ఉన్నాయి. అప్పటికి ఆమె పద్దెనిమిదేళ్ళ పిల్ల. అమెరికా కస్టమ్స్ వాళ్ళు ఆ సినిమాను అడ్డుకున్నారు. ఆ ముద్ర ఆమెను జన్మంతా వదల్లేదు. 

మొదటి భర్త ఆయుధాల వ్యాపారట కదా? విద్య అక్కడే అబ్బిందా?

ఫ్రిట్జ్ మాండ్ల్. హిర్టెన్‌బర్గ్ తూటాల కర్మాగారం యజమాని. 1933 ఆగస్టులో పెళ్ళి. ఆమెకు 18, ఆయనకు 33. పెళ్ళయ్యాక నటన మాన్పించాడు. "ఎక్స్‌టసీ" ప్రింట్లన్నీ కొనేసి మాయం చెయ్యాలని డబ్బు గుమ్మరించాడు. ముసోలినీ ఇటలీతో వ్యాపారం చేసేవాడు. ఇంటికి సైనికాధికారులు, ఆయుధ నిపుణులు విందులకి వచ్చేవారు. ఆమె పని నగలు పెట్టుకుని పక్కన కూర్చోవడమే. బొమ్మలా కూర్చున్న మనిషికి చెవులుంటాయని ఎవరికీ తట్టినట్టు లేదు. టార్పెడోలు, వాటిని దూరం నుంచి నడపడంలో వచ్చే చిక్కులు ఆ బల్ల దగ్గర విన్నదని జీవిత చరిత్రకారులు అంటారు. వినడం వేరు, పరిష్కారం ఆలోచించడం వేరు. "భర్త దగ్గర కొట్టేసిన రహస్యం" అనేవాళ్ళు ఈ తేడా మర్చిపోతారు. మాండ్ల్ దగ్గర అలాంటి పరికరం ఉన్నట్టు ఆధారం లేదు.

పనిమనిషి వేషంలో పారిపోయిందంటారు?

1937లో ఆయన్ని వదిలి వెళ్ళిపోయింది, అది నిజం. ఎలా వెళ్ళిందన్నదానికి మాత్రం ఎన్నో కథలు. పనిమనిషి బట్టలని ఒకటి, కోటు అంచుల్లో కుట్టిన నగలని ఒకటి. ఆమే ఒక్కోసారి ఒక్కోలా చెప్పింది. నాకు అంతకంటే ఆ తర్వాతి ఘట్టం ఇష్టం. లండన్‌లో ఎమ్‌జీఎమ్ స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్‌ని కలిసింది. వారానికి 125 డాలర్లు ఇస్తానన్నాడు. అక్కర్లేదని లేచి వచ్చేసింది. తర్వాత ఆయన అమెరికా తిరిగి వెళ్తున్న "నార్మండీ" ఓడలోనే తానూ టికెట్టు కొనుక్కుంది. ఓడ న్యూయార్క్ చేరేలోగా వారానికి 500 డాలర్ల ఒప్పందం చేతిలో పడింది. అప్పటికి ఇంగ్లీషు అంతంత మాత్రమే.

హాలీవుడ్‌లో ఎలాంటి పాత్రలు వచ్చాయి?

ఎక్కువగా అందంగా నిలబడే పాత్రలు. 1938లో "అల్జీర్స్" మొదటి దెబ్బకే పేరు తెచ్చింది. "ప్రపంచంలోకెల్లా అందగత్తె" అని మేయర్ ప్రచారం చేయించాడు, అదే ఆమెకు సంకెల అయింది. 1949లో సెసిల్ బి. డిమిల్ తీసిన "శాంసన్ అండ్ డెలైలా" ఆమె సినిమాల్లో అన్నిటికంటే పెద్ద హిట్టు. 1958 తర్వాత తెర మీద కనబడలేదు.

షూటింగులు చేసుకుంటూ పరిశోధనలెప్పుడు చేసింది?

సాయంత్రాలు. పార్టీలూ తాగుడూ పెద్దగా పడేవి కావు. ఇంట్లో డ్రాయింగు బల్ల, గోడ నిండా ఇంజనీరింగ్ పుస్తకాలు. విమానాల వ్యాపారి హోవార్డ్ హ్యూస్‌తో స్నేహం కలిశాక, అతని విమానాల రెక్కలు మరీ పలకల్లా ఉన్నాయనిపించి, వేగంగా ఈదే చేపల, వేగంగా ఎగిరే పక్షుల బొమ్మలున్న పుస్తకాలు కొనుక్కొచ్చి, రెండిటి ఆకారాలూ కలిపి కొత్త రెక్క గీసి చూపించింది. "నువ్వు జీనియస్‌వి" అన్నాడని ఆమె చెప్పుకుంది.

అన్నీ ఫలించలేదు. నీళ్ళలో వేస్తే కూల్‌డ్రింక్ అయ్యే బిళ్ళ ఒకటి చేయబోయింది. హ్యూస్ ఇద్దరు కెమిస్టులను కూడా ఇచ్చాడు. తాగి చూస్తే కడుపుబ్బరానికి వేసుకునే మందు బిళ్ళ రుచి వచ్చింది. ఆ సంగతి ఆమే నవ్వుతూ చెప్పింది.

టార్పెడో గొడవ ఆవిడకెందుకు?

1940 సెప్టెంబరు 17 రాత్రి "సిటీ ఆఫ్ బెనారస్" అనే బ్రిటిష్ ఓడను జర్మన్ జలాంతర్గామి అట్లాంటిక్‌లో ముంచేసింది. పేరు చూస్తేనే తెలుస్తుంది, లివర్‌పూల్ నుంచి బొంబాయి రావడానికి కట్టిన ఓడ అది. సిబ్బందిలో ఎక్కువమంది మన దేశం నుంచి వెళ్ళిన లస్కర్లు, అంటే ఓడ పనివాళ్ళు, వాళ్ళలో వంద మంది దాకా పోయారు. బాంబు దాడుల నుంచి తప్పించి కెనడా పంపుతున్న 90 మంది పిల్లలు ఆ ఓడలో ఉన్నారు. 77 మంది చనిపోయారు. హెడీ తల్లి అప్పటికి లండన్‌లో ఉంది, ఆమె అమెరికా రావాలన్నా దాటాల్సింది ఆ సముద్రమే. జలాంతర్గామిని గురి తప్పకుండా కొట్టే టార్పెడో ఉంటే బావుండునన్న ఆలోచన ఆ రోజుల్లోనే పట్టుకుంది.

జార్జ్ ఆంథైల్ ఎవరు?

న్యూజెర్సీలో పుట్టిన సంగీతకారుడు. పారిస్‌లో ఉండగా పదహారు ఆటోమేటిక్ పియానోలు, విమానం ప్రొపెల్లర్లు, సైరన్‌లతో ఒక రచన చేసి శ్రోతల్ని బెదరగొట్టాడు. 1940 వేసవి చివర్లో ఒక విందులో హెడీకి పరిచయమయ్యాడు. అతను పత్రికలకు వినాళ గ్రంథుల మీద కూడా వ్యాసాలు రాసేవాడు. ఛాతీ పెంచుకునే మార్గముందా అని అడగడానికే ఆమె మాట కలిపిందనీ, వెళ్తూ వెళ్తూ ఆంథైల్ కారు అద్దం మీద లిప్‌స్టిక్‌తో ఫోన్ నంబరు రాసిందనీ అతని కథనం. అక్కడ మొదలైన సంభాషణ కొన్ని రోజులకే టార్పెడోల మీదికి మళ్ళింది.

సరే, ఆ పరికరం ఎలా పనిచేస్తుంది?

వైర్‌లెస్‌తో టార్పెడోను నడపొచ్చని అప్పటికే తెలుసు. చిక్కెక్కడంటే, ఆదేశాలన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద వెళ్తాయి. శత్రువు ఆ ఫ్రీక్వెన్సీ పట్టుకుని దాని మీద గోల చేస్తే, దాన్నే జామింగ్ అంటారు, టార్పెడోకి ఏమీ వినబడదు. దారి తప్పుతుంది.

మన రేడియో ఉదాహరణ తీసుకుందాం. ఒక పాట మొదటి పాదం విజయవాడ కేంద్రంలో, రెండోది కడపలో, మూడోది హైదరాబాద్‌లో, నాలుగోది మళ్ళీ విజయవాడలో వేశారనుకోండి. ఏ పాదం ఎక్కడ వస్తుందో మీ ఒక్కరికే తెలుసు. సరిగ్గా సమయానికి ముల్లు తిప్పుతూ పోతే మీకు పాటంతా వినబడుతుంది. పక్కింటాయనకి ఎక్కడ పెట్టినా ఒక ముక్కే. కడప కేంద్రాన్ని ఎవరైనా చెడగొట్టినా పోయేది ఒక్క పాదమే. పంపేవాడు, వినేవాడు ఒకే వరసలో, ఒకే క్షణంలో గెంతడం, ఇదే హెడీ ఆలోచన. దీన్నే తర్వాత ఫ్రీక్వెన్సీ హాపింగ్ అన్నారు.

అందులో ఒక కొంటె ఏర్పాటు కూడా ఉంది. పంపే యంత్రానికి ఏడు ఫ్రీక్వెన్సీలు, వినే యంత్రానికి నాలుగే. మిగతా మూడింటి మీద వెళ్ళేవి ఉత్తుత్తి సంకేతాలు, చాటుగా వినే శత్రువుని తికమక పెట్టడానికి.

మధ్యలో పియానో ఎందుకొచ్చింది?

ఇద్దరూ ఒకే క్షణంలో గెంతాలన్నారు కదా, ఎలా? ఈ చిక్కు విప్పింది ఆంథైల్. ఆటోమేటిక్ పియానోలో చిల్లులు పొడిచిన కాగితం చుట్ట తిరుగుతుంటుంది. చిల్లు వచ్చినచోట ఆ మెట్టు మోగుతుంది. ధర్మవరంలో పట్టు మగ్గం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మగ్గం పైన వేలాడే జకార్డు అట్టల్లో చిల్లు ఉందా లేదా అన్నదాన్ని బట్టే కదా ఏ పోగు లేవాలో తేలుతుంది! ఇక్కడ పోగుకి బదులు ఫ్రీక్వెన్సీ మారుతుంది. ఒకేలాంటి రెండు చుట్టలు, ఒకటి ఓడలో, ఒకటి టార్పెడోలో. రెండూ ఒకే క్షణంలో బయల్దేరి ఒకే వేగంతో తిరగాలి. పియానో చుట్టలో 88 వరసలుంటాయి కాబట్టి 88 ఫ్రీక్వెన్సీల దాకా వాడొచ్చని పేటెంటులో రాశారు. పదహారు పియానోల్ని ఒక్క తాళంలో నడపడానికి జుట్టు పీక్కున్న మనిషికి కాక ఇంకెవరికి తడుతుంది ఇది?

అయితే ఆలోచన ఎవరిది? ఇద్దరిలో ఎవరికి ఎంత?

ఫ్రీక్వెన్సీలు గెంతించడం హెడీది, రెండు కొసల్నీ కలిపి నడిపే మార్గం తనది అని ఆంథైలే చెప్పాడు. విద్యుత్ పరికరాల వివరాలకు కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విద్యాసంస్థ ప్రొఫెసర్ ఒకాయన సాయపడ్డారు. 1939లో ఫిల్కో కంపెనీ దూరం నుంచి రేడియో స్టేషను మార్చే వైర్‌లెస్ డబ్బా ఒకటి అమ్మింది, దాన్ని చూసి హెడీకి తట్టి ఉండొచ్చని ఒక ఊహ.

ఫ్రీక్వెన్సీ మార్చడమన్నది లోకంలో మొదటిసారి ఆమెకే తట్టిందా అంటే, లేదు. ఆవిష్కర్త నికోలా టెస్లా 1903 నాటి పేటెంట్లలో ఒకటికి మించి ఫ్రీక్వెన్సీలు వాడే ఆలోచన ఉంది. డచ్చి దేశస్థుడు విల్లెం బ్రోర్ట్‌యెస్‌కి 1932లోనే ఇలాంటి అమెరికా పేటెంటు వచ్చింది. హెడీ, ఆంథైల్‌లది టార్పెడో కోసం, ఆ పద్ధతిలో చేసిన కొత్త అమరిక. పేటెంటు ఇచ్చేదీ అలాంటి వాటికే. దీన్ని ఒప్పుకుంటే ఆమె ఘనత తగ్గిపోతుందని కొందరి భయం. నాకలా అనిపించదు.

అమెరికా నేవీ దీన్ని ఎందుకు వద్దంది?

1941 జూన్ 10న దరఖాస్తు, 1942 ఆగస్టు 11న పేటెంటు. ప్రజల నుంచి యుద్ధానికి పనికొచ్చే ఆలోచనలు సేకరించే నేషనల్ ఇన్వెంటర్స్ కౌన్సిల్ దీన్ని మెచ్చుకుంది. నేవీ మాత్రం పరికరం మరీ పెద్దదని పక్కన పెట్టింది. చేతి గడియారంలో పట్టేంత చిన్నగా చేయొచ్చని ఆంథైల్ మొత్తుకున్నాడు. పియానో మాట పేటెంటులో రాయడమే తమ పొరపాటనీ, వాషింగ్టన్ పెద్దలు ఆ మాట దగ్గరే చదవడం ఆపేసి, టార్పెడోలో పియానో పెట్టాలా అని బెంబేలెత్తి ఉంటారనీ తర్వాత వెటకారంగా రాశాడు. నేవీకి న్యాయం చేయాలంటే ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో వాళ్ళ మామూలు టార్పెడోలే తగిలినా చాలాసార్లు పేలేవి కావు, కొత్త ప్రయోగాలకి తీరికెక్కడిది?

హెడీకి మాత్రం వేరే పని చూపించారు. యుద్ధ బాండ్లు అమ్మిపెట్టమన్నారు. 25,000 డాలర్ల బాండు కొన్నవాడికి ఒక ముద్దు. ఒక్క సాయంత్రంలో 70 లక్షల డాలర్ల బాండ్లు అమ్మిందని చెప్పుకుంటారు. చేసింది, బాగానే చేసింది. కానీ మెదడు తెచ్చి బల్ల మీద పెడితే ముఖం చాలు అన్నట్టే కదా.

డబ్బు ఎంత వచ్చింది?

పైసా రాలేదు. పేటెంటు గడువు 1959లో తీరిపోయింది. ఆంథైల్ ఆ ఏడాదే ఫిబ్రవరిలో చనిపోయాడు.

మరి బ్లూటూత్, వైఫై, జీపీఎస్‌లతో సంబంధం ఉందా లేదా?

విడివిడిగా చూడాలి. అన్నీ ఒకే గంపలో వేయడం వల్లే గందరగోళం.

అన్నిటికంటే దగ్గరి చుట్టం బ్లూటూత్. మామూలు బ్లూటూత్ 79 ఛానళ్ళ మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతుంది. ఇంట్లో వైఫై, మైక్రోవేవ్ అన్నీ ఒకే చోట గోల చేస్తున్నా ఇయర్‌ఫోన్లో పాట తెగకుండా ఉండేది అందుకే. హెడీ 88 ఫ్రీక్వెన్సీల చుట్టకి దీనికీ పోలిక కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అయినా బ్లూటూత్ చేసిన ఇంజనీర్లు ఆమె పేటెంటు ముందు పెట్టుకుని చేశారనడానికి ఆధారం లేదు.

వైఫై 1997 నాటి మొదటి ప్రమాణంలో గెంతే పద్ధతి ఒక ఐచ్ఛికంగా ఉండేది. రెండేళ్ళకే అది వెనకబడిపోయింది. ఇప్పుడు మీ రౌటర్ చేసేది వేరు.

జీపీఎస్ గెంతదు. సంకేతాన్ని ఒక కోడ్‌తో విస్తారంగా పరిచి పంపుతుంది. 2003లో 501 రూపాయలకి ఇంటింటికీ వచ్చిన రిలయన్స్ సీడీఎంఏ ఫోన్లు గుర్తున్నాయా? వాటిదీ ఆ పద్ధతే. గెంతడం, పరచడం రెండూ "స్ప్రెడ్ స్పెక్ట్రమ్" అనే ఒకే కుటుంబంలోవి, అంతే. పెద్దమ్మ కొడుకుని కన్నకొడుకు అనకూడదు కదా.

ఎన్ని పెళ్ళిళ్ళు?

ఆరు, ఆరూ విడాకులే. ముగ్గురు పిల్లలు. ఈ ప్రశ్నకి ఇంతకంటే చోటు ఇవ్వను.

చివరి రోజులు బాగా గడవలేదంటారు?

అవును. 1966లో లాస్ ఏంజెలెస్‌లో ఒక షాపులో దొంగతనం ఆరోపణ మీద అరెస్టయింది, జ్యూరీ నిర్దోషి అంది. ఆ ఏడాదే ఆమె పేరుతో ఒక ఆత్మకథ వచ్చింది. వేరేవాళ్ళు రాశారు, తన జీవితాన్ని వక్రీకరించారని ఆమే కోర్టుకెక్కింది. కాబట్టి అందులోంచి ఎవరైనా ఏదైనా ఉటంకిస్తే వెంటనే నమ్మేయకండి. 1991లో ఫ్లోరిడాలో మళ్ళీ అలాంటి కేసే, 21 డాలర్ల చిల్లర సరుకు. చివరి ఏళ్ళలో మనుషుల్ని కలవడం మానేసింది, అంతా ఫోన్ల మీదే. 2000 జనవరి 19న ఫ్లోరిడాలోని కాసెల్‌బెర్రీలో, 85 ఏళ్ళ వయసులో చనిపోయింది. చితాభస్మంలో కొంత వియన్నా అడవుల్లో చల్లారు.

బతికుండగా గుర్తింపు వచ్చిందా?

వచ్చింది, 82 ఏళ్ళకి. 1990లో ఫోర్బ్స్ పత్రిక ఆమెతో మాట్లాడి పేటెంటు సంగతి రాసింది. 1997లో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆమెకూ ఆంథైల్‌కూ పయనీర్ అవార్డు ప్రకటించింది. కబురు విని ఆమె అన్నదట: "ఇన్నాళ్ళకి!" వేదిక ఎక్కలేదు, కొడుకు వెళ్ళి తీసుకున్నాడు. 2014లో ఇద్దరినీ అమెరికా నేషనల్ ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. జర్మన్ మాట్లాడే దేశాల్లో ఆవిష్కర్తల దినం జరుపుకునేది ఆమె పుట్టినరోజునే. ఆ ఫొటో ఏటా నవంబరు 9కే మీ ఫోన్లోకి ఎందుకొస్తుందో అర్థమైందిగా.

పేటెంటు వెతికితే ఆమె పేరు కనబడట్లేదేం?

లమార్ అని వెతికితే దొరకదు. అప్పటి రెండో భర్త ఇంటిపేరుతో "హెడీ కీస్లర్ మార్కీ" అని ఉంటుంది. నంబరుతో వెతకండి: 2,292,387. బొమ్మలతో కలిపి కొద్ది పేజీలే, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. భాష కొంచెం ముతకగా ఉంటుంది కానీ రేడియో ఉదాహరణ గుర్తుంటే దారి తప్పరు. పియానో మాట వచ్చిన చోట మాత్రం ఆగకండి. నేవీ వాళ్ళు అక్కడే ఆగారు.